గవ్వల దీవులకు వాతావరణం లేదు

గవ్వల దీవుల్లో రేపు వాన పడుతుందా లేదా అన్నది మబ్బులు తేల్చాల్సిన సంగతి అని లోకం అనుకుంటుంది. మహోన్నత సమాఖ్యలో ఆ పని విదేశాంగ శాఖ చూసుకునేది.

సమాఖ్య చాలా పెద్ద దేశం. ఎక్కడో పరాయి సముద్రంలో ఉన్న దీవుల గురించి కూడా తీరిగ్గా బెంగపడగల స్తోమత దానికుంది. ఆ దీవులు మావంటే మావని తూర్పు దేశమూ పడమటి దేశమూ తాతల నాటి నుంచీ కొట్టుకుంటున్నాయి. తూర్పు దేశం వాళ్ళు వాటిని జయదీవులు అంటారు. పడమటి దేశం వాళ్ళు విజయదీవులు అంటారు. అక్కడ పుట్టి, అక్కడే వల వేసుకుని బతికే జాలర్లు మాత్రం గవ్వల దీవులు అంటారు. వాళ్ళనెవరూ అడగలేదు కాబట్టి ఆ పేరు ఏ పటంలోకీ ఎక్కలేదు.

గరుడాచలం సమాఖ్య రేడియోలో రోజూ సాయంత్రం సముద్ర వాతావరణం చదివే ఉద్యోగి. వయసులో ఉండగా వానకొలత పరికరం ఒకటి బిగించి రమ్మని వాతావరణ శాఖవారు అతన్ని గవ్వల దీవులకు పంపారు. పరికరం సరిగ్గా బిగిసిందో లేదో గానీ, భోజనానికి దిగిన ఇంట్లో నూకరత్నం పెట్టిన చేపల పులుసు అతన్ని బాగా బిగించింది. ఆమె తండ్రి బంగారయ్య కొంత గొణిగి, చివరికి పిల్లనిచ్చి పంపాడు. అప్పటినుంచీ సాయంత్రం రేడియో గరగరమనగానే దీవులన్నీ చెవులు రిక్కించేవి. సమాఖ్య ఏమంటోందో వాళ్ళకి అక్కర్లేదు. అల్లుడు ఏమంటున్నాడో కావాలి. అల్లుడు సముద్రం బాగుందంటే తెల్లవారుజామున పడవలు కదిలేవి, బాగోలేదంటే ఒడ్డునే ఉండేవి.

ఇలా సుఖంగా జరిగిపోతుండగా సమాఖ్యకు గవ్వల దీవుల మీద ఒక విధానం పుట్టింది.

సమాఖ్యను ఏలే మహానాయకుడు తూర్పు దేశానికి విందుకు వెళ్ళాడు. వాళ్ళు ఆయన్ని ఏనుగు ఎక్కించి ఊరేగించారు. ఆయన ఏనుగు దిగేలోపలే రేడియోకి ఉత్తర్వు వచ్చేసింది. ఇకమీదట వాతావరణ వార్తల్లో 'తూర్పు దేశపు విడదీయరాని అంతర్భాగమైన జయదీవులు' అని చదవాలి. గరుడాచలం అలాగే చదివాడు. పేరు పలికేసరికి సగం సమయం అయిపోయి వాన సంగతి కాస్త కుదించాల్సి వచ్చింది గానీ, మొత్తానికి చెప్పగలిగాడు.

మరుసటి వానాకాలానికి పడమటి దేశం సమాఖ్య దగ్గర యుద్ధవిమానాలు కొంది. జయదీవులు రాత్రికి రాత్రి విజయదీవులైపోయాయి. అంతటితో ఆగినా బాగుండేది. ఈ వ్యవహారం చూసే విదేశాంగ కార్యదర్శి చక్రధరరావు గారు స్వయంగా రేడియో కేంద్రానికి వచ్చి, గరుడాచలం చేతిలోని కాగితం తీసుకుని పైనుంచి కిందికి చూశారు.

"ఈ పిడుగులు ఏమిటి?" అన్నారు.

"పడే అవకాశం ఉంది సార్."

"మిత్రదేశపు భూభాగంలో పిడుగులు పడతాయని మన నోటితో మనం ప్రకటించడం దౌత్య మర్యాద అనిపించుకుంటుందా? చల్లని పిల్లగాలి అని చదవండి. పిల్లగాలి స్నేహసూచకం."

గరుడాచలం పిల్లగాలి అని చదివాడు. ఆ రాత్రి బంగారయ్య వంటపాక కప్పు లేచిపోయి పక్కింటి దొడ్లో పడింది. మామగారు కోపగించుకోలేదు. అల్లుడికి అక్కడ ఏదో ఇరకాటం ఉందని గ్రహించి, చుట్టుపక్కల వాళ్ళకి కబురు పెట్టాడు. అప్పటినుంచి రేడియోలో పిల్లగాలి అంటే దీవుల్లో పడవలకి రెండేసి తాళ్ళు కట్టుకునేవారు. ఆహ్లాదకరం అంటే పిల్లల్ని ఇళ్ళలోకి లాక్కునేవారు. విదేశాంగ శాఖ అబద్ధాలకి కూడా ఒక క్రమం ఉంటుంది కాబట్టి జాలర్లు దానికి అలవాటు పడిపోయారు.

ఆ క్రమం కూడా నిలవలేదు. విమానాల్లో కొన్ని ఎగరలేదని పడమటి దేశం బాకీ ఆపేసింది. తూర్పు దేశం ఏనుగు సంగతి మళ్ళీ గుర్తు చేసింది. ఎటు మొగ్గాలో తెలియక మహానాయకుడు రెండు వైపులా సమాన దూరంలో నిలబడతామని ప్రకటించాడు. పై అధికారులు ఏదో మాట వరసకి అన్నదాన్ని కింది అధికారులు అక్షరాలా అమలు చేయడం ఎక్కడైనా ఉన్నదే. సమాఖ్యలో దానికి పతకాలు కూడా ఇస్తారు. చక్రధరరావు గారు వాతావరణాన్ని రెండు దేశాలకీ సమానంగా పంచారు. ఒకవైపు వాన చెబితే రెండోవైపు ఎండ చెప్పాలి. రేపు జయదీవుల్లో భారీ వర్షాలు కురుస్తాయి, విజయదీవుల్లో ఆకాశం నిర్మలంగా ఉంటుంది అని గరుడాచలం చదివాడు. రెండూ ఒకే దీవులు.

మర్నాడే బంగారయ్య ఫోను చేశాడు. "అల్లుడా, ఒక పేరుకి వానంటన్నావు, ఇంకో పేరుకి ఎండంటన్నావు. మా దొడ్లో ఏటి పడతాదో అది సెప్పు నాయినా."

గరుడాచలం గొంతు తగ్గించి నిజం చెప్పాడు. అలా ఫోను మీద కొన్నాళ్ళు గడిచింది. ఇంతలో దీవులకు ఫోను కలిపేటప్పుడు ముందు ఏ దేశం అంకె తిప్పుతున్నారన్న ప్రశ్న విదేశాంగ శాఖలో ఎవరికో తట్టింది. తూర్పు దేశం అంకె తిప్పితే పడమటికి అవమానం, పడమటిది తిప్పితే తూర్పుకి అవమానం. ప్రశ్న తేలేదాకా లైను తీసేశారు. అది ఇప్పటికీ తేలలేదు.

చివరికి వాన, ఎండల పంపకం కూడా రెండు దేశాలకీ నచ్చలేదు. మాకు వానలు తక్కువ ఇచ్చారని ఒకరు, ఎండలు ఎక్కువ ఇచ్చారని మరొకరు నిరసన తెలిపారు. విదేశాంగ శాఖ పెద్దలంతా విశ్రాంతి భవనంలో కూర్చుని, బాగా భోంచేసి, వ్యూహాత్మక మౌనం అనే కొత్త విధానంతో బయటికి వచ్చారు. దాని ప్రకారం గవ్వల దీవులు ఉన్నాయని సమాఖ్య అనదు, లేవని అనదు. కాబట్టి అక్కడ వాతావరణం ఉందని గానీ లేదని గానీ చెప్పే వీల్లేదు. గరుడాచలం చుట్టుపక్కల సముద్రమంతా చదువుకుంటూ వచ్చి, దీవుల దగ్గర ఆగి, చదవాల్సినంత సేపు ఊరుకుని, ఆ తర్వాత అవతలి సముద్రం అందుకోవాలి. పొరపాటున ఏదైనా అనేస్తాడేమోనని ఒక పర్యవేక్షకుణ్ణి గదిలో కూర్చోబెట్టారు. అతని పని ప్రసారం ఆపే మీట మీద వేలు పెట్టుకుని ఉండటం. దీవుల వంతులో మేఘం, గాలి, కెరటం, దీవి వంటి మాటలు వినపడగానే మీట నొక్కాలని అతనికి శిక్షణ ఇచ్చారు. పాపం మంచివాడే, రోజూ గరుడాచలానికి టీ తెప్పించేవాడు.

అబద్ధాన్ని తిరగేసి నిజం తెలుసుకోవచ్చు. మౌనాన్ని ఎటు తిరగేస్తారు? జాలర్లు రేడియో దగ్గర కూర్చుని, అల్లుడు ఊపిరి పీల్చే చప్పుడు విని లేచి వెళ్ళిపోయేవారు. ఆకాశం చూసుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని పడవలు తోసేవారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం గరుడాచలం బల్ల మీదికి ఉపగ్రహం తీసిన బొమ్మ వచ్చింది. సముద్రం నడుమ తెల్లగా ఒక సుడి. దాని దారి తిన్నగా గవ్వల దీవుల మీదికే ఉంది. మర్నాడు పొద్దెక్కేసరికి దీవులను తాకుతుంది. వంజరం చేప పడే కాలమది. తెల్లవారకముందే మామగారూ, బావమరిదీ, ఊరి మగవాళ్ళంతా నడిసముద్రంలో ఉంటారు. గరుడాచలం బొమ్మ చేతపట్టుకుని విదేశాంగ శాఖకి పరిగెత్తాడు.

చక్రధరరావు గారు బొమ్మని చేయి చాపి దూరంగా పట్టుకుని చూశారు.

"తుపాను సార్," అన్నాడు గరుడాచలం. "రేపు పొద్దున దీవుల మీదికి వస్తోంది."

"ఏ దీవులు?"

"మీకు తెలుసు కదా సార్."

"నాకు తెలుసన్న విషయాన్ని సమాఖ్య ఇంకా ధ్రువీకరించలేదు."

"ఒక్క మాట సార్. వేటకి వెళ్ళొద్దని ఒక్క మాట చదవనివ్వండి. పేరు కూడా చెప్పను."

"హెచ్చరిక అంటే ఏమిటి గరుడాచలం గారూ? బాధ్యత. బాధ్యత అంటే అధికారం ఉన్నట్టు. అధికారం ఉందంటే రెండు మిత్రదేశాల మనోభావాలు ఏం కావాలి? పైగా ఈ తుపాను ఇంతవరకు తన ఉద్దేశాన్ని అధికారికంగా ప్రకటించలేదు. దారి మార్చుకునే హక్కు దానికి ఎప్పుడూ ఉంటుంది. మనం తొందరపడి మాట్లాడితే పరిస్థితి మరింత ఉద్రిక్తం కావచ్చు."

"మనుషులు పోతారు సార్."

చక్రధరరావు గారి ముఖంలో నిజంగానే జాలి కనిపించింది. "మేము చేతులు ముడుచుకుని కూర్చున్నామనుకోకండి. సంతాప ప్రకటన నిన్ననే తయారైంది. దీవుల పేరు రావాల్సిన చోట 'సంబంధిత జలప్రాంతం' అని వేశాం. మృతుల సంఖ్య దగ్గర ఖాళీ వదిలాం. చాలా హుందాగా కుదిరింది. వింటారా?"

ఆయన చదివారు, గరుడాచలం విన్నాడు. నిజంగానే బాగుంది. అందులో ప్రగాఢం అన్న మాట రెండుసార్లు వచ్చింది.

ఇంటికి వెళ్ళి భార్యకి అంతా చెప్పాడు. నూకరత్నం చేట పక్కన పెట్టి, గోడకి చేరబడి కూర్చుంది.

"రేడియోలో ఇంత గొంతేసుకుని సదువుతావు," అంది. "మా అయ్యకి ఒక్క ముక్క సెప్పలేవా?"

"నోరు తెరిస్తే మీట నొక్కేస్తాడే. గాలి అన్నానంటే గొంతు ఆగిపోతుంది."

"గాలి అనకు. వాన అనకు. ఆ గుంటడికి తెలీని మాట ఏదైనా అను." ఆమె గోడ వదిలి ముందుకు జరిగింది. "నువ్వు వత్తన్నావని సెప్పు."

"నేనా? ఎక్కడికి?"

"మా ఇంటికి. రేపొద్దున్న వత్తన్నానని సెప్పు. ఇంటికి అల్లుడొత్తే మా ఊళ్ళో ఎవులు ఏటకెల్తారు? అల్లుడికి పెట్టడానికి ఇంట్లో ఏటీ లేక వలట్టుకుని పోనారని నలుగురూ నవ్వరా? పడవలన్నీ మిట్ట మీదకి లాగీసి, అందరూ మా ఇంటికాడే ఉంటారు. ఊరంతటికీ నువ్వొక్కడివే పైదేశం అల్లుడివి."

గరుడాచలం భార్యని చూశాడు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె తెలివిమీద అతనికి అనుమానం లేదు గానీ, విదేశాంగ శాఖకి పనికొచ్చేంత ఉందని మొదటిసారి తెలిసింది.

ఆ సాయంత్రం అతను ఉత్తర సముద్రం చదివాడు, నడిమి సముద్రం చదివాడు, దీవుల దగ్గరికి వచ్చి ఆగాడు. పర్యవేక్షకుడు మీట మీద వేలు సర్దుకున్నాడు. గరుడాచలం గొంతు సవరించుకుని, వాతావరణం చదివే ఆ గంభీరమైన గొంతుతోనే అన్నాడు. "మామగారికి నమస్కారములు. రేపు ఉదయం మీ ఇంటికి వస్తున్నాను. తప్పక వస్తున్నాను. ఇట్లు, మీ అల్లుడు." ఆ తర్వాత దక్షిణ సముద్రం అందుకున్నాడు. పర్యవేక్షకుడు వేలు ఎత్తాలా దించాలా అని తటపటాయించి, మామ అన్న మాట తనకు ఎవరూ నేర్పలేదు కాబట్టి ఊరుకున్నాడు.

మర్నాడు తుపాను వచ్చింది. కొబ్బరి చెట్లు పడిపోయాయి. ఒడ్డున ఉన్న పాకలన్నీ కొట్టుకుపోయాయి. మనుషులు మాత్రం ఒక్కరూ పోలేదు. అందరూ మిట్ట మీద బంగారయ్య ఇంట్లో కిక్కిరిసి కూర్చుని, అల్లుడి కోసం వండినదంతా తింటూ, ఈ గాలిలో పాపం ఎలా వస్తాడో అని అతని గురించే దిగులుపడ్డారు. ఆ కబురు ఓడలవాళ్ళ ద్వారా తెలిసిన రోజున గరుడాచలం, నూకరత్నం ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఏడ్చారు. ఉద్యోగం ఊడటం ఖాయమని ఇద్దరికీ తెలుసు. అయినా ఆ పూట నూకరత్నం పాయసం చేసింది.

ఉద్యోగం ఊడలేదు. అంతకంటే పెద్ద ప్రమాదం వచ్చిపడింది.

సమాఖ్య ప్రభుత్వ రేడియోలో వచ్చిన మాట సమాఖ్య మాటే కదా. తూర్పు దేశపు రాయబారి వచ్చి, రేపు వస్తున్నానన్నది ఎవరు, ఆ మామగారు ఎవరని అడిగాడు. పడమటి రాయబారి వచ్చి, ఆ మామగారు తమ దేశమేనని ఆశిస్తున్నట్టు చెప్పాడు. ఉద్యోగి పొరపాటున చదివాడని ఒప్పుకుంటే సమాఖ్య పరువు పోతుంది. కాదని అనలేక, అవునని అనలేక చక్రధరరావు గారు మహానాయకుడి ముందుకు వెళ్ళారు. మహానాయకుడు ఆ ముక్కని నాలుగుసార్లు చదివించుకుని విన్నాడట. తర్వాత, ఇన్నాళ్ళూ మనం వెతుకుతున్నది ఇదే అన్నాడట.

వారం తిరిగేసరికి అల్లుడి విధానం వెలువడింది. దాన్ని పత్రికల వారికి చక్రధరరావు గారే వివరించారు. "మహోన్నత సమాఖ్య ఆ దీవులకు యజమాని కాదు, పాలకుడు కాదు, మధ్యవర్తి అంతకన్నా కాదు. సమాఖ్య అక్కడ అల్లుడు. అల్లుడికి ఆ ఇంటి ఆస్తిమీద హక్కు లేదు. కానీ మర్యాదలన్నీ ఉంటాయి. ఎప్పుడైనా రావచ్చు, ఎన్నాళ్ళైనా ఉండవచ్చు. ఇంటి కష్టసుఖాల బాధ్యత మాత్రం అతనిది కాదు. ఇంత సమగ్రమైన అంతర్జాతీయ హోదా చరిత్రలో ఇంతవరకు ఎవరికీ తట్టలేదు." ఆ వెంటనే గరుడాచలాన్ని ప్రత్యేక దూతగా నియమించి, శాలువా కప్పి, ఓడ ఎక్కించారు.

గవ్వల దీవులకు అల్లుడు నిజంగానే వచ్చాడు. ఫిరంగులున్న ఓడల్లో, వేలమంది సిపాయిలతో వచ్చాడు.

మొదటి రోజు జాలర్లు సంబరపడ్డారు. తమ గరుడాచలం దిగాడని కాళ్ళకి నీళ్ళిచ్చారు. అతని వెనకే చక్రధరరావు గారు దిగి, బంగారయ్య వసారాలో నులకమంచం మీద కూర్చుని, సమాఖ్య తరఫున తానూ అల్లుణ్ణేనని ప్రకటించారు. ఆయన వెనక దిగిన సేనాని కూడా అల్లుడేనట. సిపాయిలు హోదా ప్రకారం చిన్నల్లుళ్ళట. ఇంటికి వచ్చినవాణ్ణి కాదనడం ఆ ఊళ్ళో లేదు. తుపానుకి మిగిలిన కోళ్ళు ఆ పూటకి, ఎండుచేపలు మర్నాటికి, బియ్యం ఆ వారానికి అయిపోయాయి. అల్లుడు ఇంట్లో ఉండగా వేటకి వెళ్ళకూడదు కాబట్టి పడవలు మిట్ట దిగలేదు.

అల్లుళ్ళు కదలలేదు. చక్రధరరావు గారు ఒక ఉదయం మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. భోజనానికి పిలిస్తే పలకలేదు. సమాఖ్య అలిగిందని ఆయన సహాయకుడు వచ్చి చెప్పాడు. ఏం కావాలో అడగమన్నారు. ఓడలు కట్టుకోవడానికి దీవుల్లో ఉన్న ఒక్క రేవూ అల్లుడి లాంఛనాల కింద రాసిస్తే గానీ ఇటు తిరగరని తెలిసింది. తూర్పు దేశమూ పడమటి దేశమూ చెరొక మనిషిని పంపాయి. జాలర్లు తమ పౌరులేననీ, అందుచేత తమ తరఫున అల్లుడిగారిని సంతోషపెట్టాలనీ ఇద్దరూ ఒకే మాట చెప్పి, ఒకే పడవలో వెళ్ళిపోయారు.

రేవు పోతే వల ఆరేసుకునే చోటు కూడా ఉండదు. గరుడాచలం మంచం దగ్గరికి వెళ్ళి బతిమాలాడు. "సార్, వీళ్ళ దగ్గర ఇంక తిండిగింజ లేదు. ఓడలు వెనక్కి తీసుకెళ్ళండి."

గోడవైపు నుంచే జవాబు వచ్చింది. "తోడల్లుడు మీరే అలా మాట్లాడితే ఎలా గరుడాచలం గారూ? ఈ హోదా మనకి తెచ్చిపెట్టింది మీరు."

ఆ మాట అతనికి సూటిగా తగిలింది. తల దించుకుని మిట్ట దిగుతుంటే, కింద బంగారయ్య వల భుజాన వేసుకుని పడవ దగ్గర నిలబడి ఉన్నాడు. ఇంట్లో అల్లుళ్ళుండగా ఆ ఊళ్ళో ఎవరూ అలా నిలబడింది లేదు.

"ఇంట్లో ఏటీ లేదురా," అన్నాడు బంగారయ్య, చూపు తిప్పుకుని. "నలుగురూ నవ్వితే నవ్వనీ. గుంటలు ఆకలికి ఏడుత్తన్నారు."

"మామా, తప్పు నాది."

"నీదేటి తప్పు? పానాలు నిలబెట్టినావు." ఆయన ఓడల వైపు చూశాడు. "తుపానంటే ఎప్పుడొత్తాదో, ఎప్పుడు ఎల్తాదో నీకు తెలుత్తాది. ఇన్నేళ్ళనించీ సెప్తన్నావు. ఈ అల్లుడు ఎప్పుడు తీరం దాటుతాడో సెప్పు నాయినా."

ఆ ఒడ్డున పర్యవేక్షకుడు లేడు, మీట లేదు. గరుడాచలం ఏం చెప్పినా ఆపేవాళ్ళెవరూ లేరు.

"తెలీదు మామా," అన్నాడు.

బంగారయ్య తల ఊపి పడవకి భుజం ఆనించాడు. గరుడాచలం శాలువా తీసి ఇసుకలో పడేసి రెండో వైపు పట్టాడు. ఇద్దరూ కలిసి పడవని నీళ్ళలోకి తోశారు.